చూపు, చూపించడం: నాట్యంలో దృష్టిలోపం, ఇంద్రియానుభవం, అందుబాటు – శేరిలింగంపల్లి సందర్భం

వ్యాససంగ్రహం:
నాట్యం కంటికి సంబంధించిన కళ అన్న అభిప్రాయం వల్ల దృష్టిలోపం గలవారు నర్తకులుగానూ ప్రేక్షకులుగానూ ఆ కళకు దూరంగా ఉండవలసి వస్తున్నది. నాట్యశిక్షణాలయాలు, రంగస్థలాలు, భాషాసాంకేతిక పరిశోధన సంస్థలు దగ్గరదగ్గరగా ఉన్న శేరిలింగంపల్లి ప్రాంతాన్ని సందర్భంగా తీసుకొని, కూచిపూడి సంప్రదాయంలోని శ్రవ్య, స్పర్శ, గతి సంబంధమైన అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అంధులకు నాట్యాన్ని అందుబాటులోకి తేవడమంటే బయటినుంచి ఒక సౌకర్యాన్ని అతికించడం కాదని, సంప్రదాయంలోనే ఉండి పలచబడిన వాచికాన్ని తిరిగి బలపరచడమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దృష్టిలోపం, కూచిపూడి, వాచికాభినయం, సూత్రధారుడు, శ్రవ్య వర్ణన, స్పర్శ, అందుబాటు.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘చూపు’ అనే మాట నామవాచకంగానూ, క్రియగానూ వాడుకలో ఉంది. నామవాచకంగా అది కంటికి ఉన్న శక్తి. క్రియగా అది ఎదుటివారికి కనబడేలా చేయడం. ఒకటి గ్రహించే పని, మరొకటి ప్రకటించే పని. నాట్యం గురించిన సాధారణ ఆలోచనలో ఈ రెండూ కలిసిపోయాయి. చూపు లేనివారు చూపించలేరనీ, చూపు లేనివారికి చూపించడంలో అర్థం లేదనీ రెండు నమ్మకాలు ఈ కలయిక నుంచే పుట్టాయి.

సంగీతం విషయంలో తెలుగు సమాజం ఇలా ఆలోచించలేదు. దృష్టిలోపం ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వాయులీన విద్వాంసుడిగా దేశమంతటా పేరు పొందారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులుగానూ పనిచేశారు. చూపు తక్కువైన పిల్లవాడిని సంగీతం వైపు నడిపించడం కుటుంబాలకు సహజంగా తోచింది. అదే పిల్లవాడిని, ముఖ్యంగా పిల్లను, నాట్యం వైపు నడిపించాలన్న ఆలోచన అంత సులభంగా రాలేదు. చెవికి చెందినది సంగీతం, కంటికి చెందినది నాట్యం అన్న విభజన దీనికి కారణం. ఆ విభజన ఎంతవరకు నిజమో పరిశీలించవలసి ఉంది.

2. శేరిలింగంపల్లి: ఒకే పరిధిలో నాలుగు రంగాలు:
హైదరాబాద్ నగరపు పడమటి అంచున ఉన్న శేరిలింగంపల్లి నేడు ఐటీ కార్యాలయాల ప్రాంతంగా ప్రసిద్ధం. ఈ ప్రశ్నకు సంబంధించిన నాలుగు రంగాలు ఇక్కడ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. మొదటిది నాట్యవిద్య. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళా విభాగంలో కూచిపూడి, భరతనాట్యాలు స్నాతకోత్తర స్థాయిలో బోధనాంశాలు. రెండవది ప్రదర్శన. మాదాపూర్‌లోని శిల్పారామం, దాని ఆవరణలోని శిల్పకళావేదిక నగరంలో నాట్యప్రదర్శనలకు ప్రధాన వేదికలు. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడా ప్రాంగణంలో 2010 డిసెంబరులో రెండు వేల ఎనిమిది వందలకు పైగా కళాకారులు ఒకేసారి కూచిపూడి నర్తించి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. మూడవది భాషాసాంకేతికత. 1998లో గచ్చిబౌలిలో స్థాపితమైన ట్రిపుల్ ఐటీ, తెలుగు వచనాన్ని మాటగా మార్చే సాంకేతికతపై దీర్ఘకాలంగా పరిశోధన చేస్తున్నది.

నాలుగవది చీకటి అనుభవం. ఆండ్రియాస్ హైనెక్ 1988లో జర్మనీలో ప్రారంభించిన ‘డైలాగ్ ఇన్ ది డార్క్’ ప్రదర్శనకు మాదాపూర్‌లోని ఇనార్బిట్ మాల్‌లో ఒక కేంద్రం ఏర్పడింది. సందర్శకులు పూర్తి చీకటి గదులలో నడుస్తారు. దృష్టిలోపం గల మార్గదర్శకులు వారిని నడిపిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చూపున్నవారు గంటసేపు చీకటిలో తడుముకోవడం అంధత్వాన్ని అనుభవించడం కాదు. అది అంధత్వపు మొదటి గంట మాత్రమే. సంవత్సరాల అలవాటుతో వచ్చే నేర్పు అందులో ఉండదు. ఆ నేర్పు కనబడేది సందర్శకుడిలో కాదు, మార్గదర్శకుడిలో. గోడ తగిలే ముందే గొంతు ప్రతిధ్వనిని బట్టి గది వైశాల్యాన్ని గుర్తించడం, పాదం కింద నేల మారిన వెంటనే దిశను సరిచేసుకోవడం వంటివి నైపుణ్యాలు. నాట్యానికి కావలసిన నైపుణ్యాలలో ఇవి కూడా ఉన్నాయన్నది ఈ వ్యాసానికి ఆధారం.

3. లక్షణగ్రంథాలలో దృష్టి:
నాట్యశాస్త్రం రసదృష్టులు ఎనిమిది, స్థాయిదృష్టులు ఎనిమిది, సంచారిదృష్టులు ఇరవై, మొత్తం ముప్పై ఆరు దృష్టులను చెప్పింది. నందికేశ్వరుని అభినయదర్పణం సమ, ఆలోకిత, సాచీ మొదలైన ఎనిమిదింటిని పేర్కొన్నది. చేయి కదిలిన వైపు దృష్టి, దృష్టి వెంట మనసు, మనసు వెంట భావం, భావం వెంట రసం నడుస్తాయన్న క్రమాన్ని కూచిపూడి విద్యార్థులు తొలి పాఠాలలోనే వింటారు. వీటిని బట్టి చూస్తే కన్ను లేనిదే నాట్యం లేదనిపిస్తుంది.

అయితే ఈ భేదాలన్నీ నర్తకి కంటికి ఏమి కనబడుతున్నదో చెప్పవు. ఆ కన్ను ప్రేక్షకుడికి ఎలా కనబడాలో చెబుతాయి. కనుగుడ్లను పక్కకు తిప్పడం, రెప్పలను సగం వాల్చడం, పైకెత్తడం కండరాల పని. చంద్రుని చూస్తున్న నాయికను అభినయించే నర్తకి ముందు చంద్రుడు ఉండడు. ఆమె చూడదు, చూస్తున్నట్లు చూపిస్తుంది. కనుక దృష్టిభేదాలు నర్తకి దర్శనశక్తికి సంబంధించినవి కావు, ముఖాభినయానికి సంబంధించినవి. అంధులైన విద్యార్థులలో కొందరికి కంటి కండరాలపై అదుపు ఉండకపోవచ్చు; కొందరికి పూర్తిగా ఉంటుంది. ఇది వ్యక్తిని బట్టి తేల్చవలసిన విషయమే తప్ప ముందే మూయవలసిన తలుపు కాదు.

మరొక అంశం గమనార్హం. నాట్యశాస్త్రం నాట్యాన్ని దృశ్యమూ శ్రవ్యమూ అయిన క్రీడగా నిర్వచించింది. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలనే నాలుగు అభినయాలలో వాచికం నేరుగా చెవికి చేరుతుంది. సాత్త్వికంలోని స్వరభంగమూ చెవికి అందేదే. నాట్యం కేవలం కంటి కళ అన్నది శాస్త్రం చెప్పిన మాట కాదు.

4. శరీరం లోపలి చూపు:
మనిషి నిలకడకు మూడు ఆధారాలు ఉన్నాయి. కన్ను ఇచ్చే సమాచారం ఒకటి. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ రెండవది. కండరాలు, కీళ్లు, పాదాల చర్మం నుంచి వచ్చే ప్రొప్రియోసెప్షన్, అంటే అవయవాలు ఎక్కడ ఎలా ఉన్నాయో శరీరం లోపలినుంచే తెలిసే జ్ఞానం, మూడవది. కళ్లు మూసుకొని ఒంటికాలిపై నిలబడితే మొదటి ఆధారం పోయి మనిషి తూలుతాడు. సాధనతో మిగిలిన రెండింటిపై ఆధారపడడం నేర్చుకోవచ్చు.

కూచిపూడిలో ఈ సాధనకు స్పష్టమైన ఉదాహరణలు ఉన్నాయి. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుపై పాదాలు మోపి, తాళానికి అనుగుణంగా పళ్లేన్ని కదుపుతూ నర్తిస్తుంది. పళ్లెం ఎటు ఒరుగుతున్నదో ఆమె వంగి చూడదు. అరికాలి ద్వారా గ్రహిస్తుంది. సింహనందిని ఇంకా విశేషమైనది. 128 అక్షరాల సింహనందన తాళంలో నర్తిస్తూ పాదాలతో నేలపై సింహం బొమ్మను గీయడం దీని ప్రత్యేకత. గురువు సి.ఆర్. ఆచార్యులు ఈ చిత్రనాట్యాలకు ప్రచారం కల్పించారు. ఇక్కడ బొమ్మ కంటిలో కాదు, తాళంలో ఉంటుంది. ఏ అక్షరానికి పాదం ఎటు జరగాలో శరీరానికి గుర్తుండడం వల్లనే రేఖ సరిగా పడుతుంది. పూర్తిగా దృశ్యరూపమైన ఫలితాన్ని దృశ్యేతరమైన జ్ఞానం సాధించడం ఇందులోని విశేషం.

ప్రపంచ నాట్యచరిత్రలోనూ ఇటువంటి నిదర్శనాలు కొన్ని ఉన్నాయి. క్యూబా బ్యాలే నర్తకి అలిసియా అలొన్సో 1941లో రెటీనా విడివడడంతో శస్త్రచికిత్సలకు లోనై నెలల తరబడి మంచంపై కదలకుండా ఉండవలసి వచ్చింది. ఆ కాలంలో ‘జిజెల్’ పాత్రను వేళ్ల కదలికలతోనే అభ్యసించి 1943లో ఆ పాత్రను ధరించింది. చుట్టుచూపు లోపించినా రంగదీపాలను దిక్సూచిగా చేసుకొని, తోటి నర్తకులు నిర్ణీత స్థానాలలో నిలిచే ఏర్పాటుతో దశాబ్దాలపాటు నర్తించింది. సమకాలీన నృత్యంలో స్టీవ్ పాక్స్టన్ 1972లో రూపొందించిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ పద్ధతికి శరీరాల స్పర్శ, బరువుల మార్పిడి మూలం. అందులో అద్దం ముందు అనుకరణకు చోటు లేదు. ఆయన 1986లో ఆన్ కిల్‌కాయిన్‌తో కలిసి ఇంగ్లండ్‌లో ‘టచ్‌డౌన్ డాన్స్’ను స్థాపించి దృష్టిలోపం గలవారితో ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. బ్రెజిల్‌లోని సావ్ పావ్‌లో నగరంలో ఫెర్నాండా బియాంచిని 1995 నుంచి అంధులకు స్పర్శ ద్వారా బ్యాలే నేర్పారు. పొరుగున బెంగళూరులోని శ్రీ రమణ మహర్షి అంధుల అకాడమీ విద్యార్థులు నాట్యప్రదర్శనలు ఇస్తున్నారు.

5. బోధన: స్పర్శ, మాట, నేల:
నాట్యబోధనలో నేటికీ ప్రధానమైన పద్ధతి గురువును చూసి అనుకరించడం. దానికి ప్రత్యామ్నాయంగా మూడు సాధనాలు ఉన్నాయి.

మొదటిది స్పర్శ. ఇందులో రెండు మార్గాలు ఉన్నాయి. గురువు విద్యార్థి అవయవాన్ని పట్టి సరైన స్థితిలో ఉంచడం ఒకటి. విద్యార్థి గురువు భంగిమను చేతులతో తడిమి గ్రహించడం మరొకటి. మొదటి మార్గం మన శిక్షణలో కొత్తది కాదు. రెండవది మాత్రం గురుశిష్య మర్యాదకు భిన్నంగా తోస్తుంది. గురువు దేహాన్ని తాకడానికి విద్యార్థి జంకుతుంది. విద్యార్థినిని తాకే విషయంలో గురువుకూ హద్దులు ఉంటాయి. కనుక ఏ భాగాన్ని, ఎందుకు తాకుతున్నారో ముందే చెప్పి, అనుమతి అడిగి, అవసరమైతే సహాధ్యాయి శరీరాన్ని నమూనాగా వాడడం ఈ బోధనలో నియమం కావాలి. అభినయదర్పణంలోని 28 అసంయుత హస్తాలు స్పర్శకు బాగా అందుతాయి. పతాకంలో అనామికను వంచితే త్రిపతాకం. దానితోపాటు కనిష్ఠికనూ వంచితే అర్ధపతాకం. ఈ భేదాలను వేళ్లు వేళ్లను తాకి స్పష్టంగా తెలుసుకోగలవు.

రెండవది మాట. నాట్యానికి సొల్లుకట్టు రూపంలో ఇప్పటికే ఒక శబ్దలిపి ఉంది. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే అయిదు, తకిటతకధిమి అంటే ఏడు. అడుగుల సంఖ్య, నడక, విరామం, ముక్తాయింపు ఇందులో ఇమిడి ఉంటాయి. ఇందులో లేనిది దిశ, ఎత్తు. ‘ఇలా చేయి’ అనే మాటకు బదులు ‘కుడిచేయి భుజం ఎత్తున, అరచేయి ముందుకు’ అని పలకడం అలవాటైతే ఆ లోటు తీరుతుంది. ఈ అలవాటు చూపున్న విద్యార్థులకూ మేలు చేస్తుంది. అద్దం లేకపోతే అడుగు తడబడే స్థితి తగ్గుతుంది.

మూడవది నేల. నగర మెట్రో స్టేషన్లలో నేలపై గడ్డలు, గీతలు ఉన్న పసుపు పలకలు అంధులకు దారి చూపుతాయి. పాదం చదవగలదన్న నమ్మకమే ఆ ఏర్పాటుకు మూలం. రంగస్థలంపై కూడా మధ్యరేఖ వెంట తాడును పరిచి దానిపై పట్టీ అంటించడం, అంచుకు ముందు కొంత దూరంలో వేరే రకం చాప వేయడం, నట్టువాంగం వినబడే స్థానాన్ని మార్చకుండా ఉంచడం వంటి చిన్న ఏర్పాట్లతో నర్తకి తన స్థానాన్ని తెలుసుకోగలదు. వీటికి పెద్ద ఖర్చు లేదు.

6. ప్రేక్షకుడు: సంజయుడు, సూత్రధారుడు:
అంధులందరూ పూర్తి చీకటిలో ఉంటారనుకోవడం పొరపాటు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మెరుగైన కంటిలో, కళ్లద్దాల సవరణ తరువాత కూడా, చూపు 3/60 కంటే తక్కువగా ఉన్నా, దృష్టిక్షేత్రం 10 డిగ్రీల కంటే తక్కువగా ఉన్నా అది అంధత్వమే. 3/60 అంటే ఇతరులు 60 మీటర్ల నుంచి చూడగలిగినదాన్ని 3 మీటర్ల నుంచి మాత్రమే చూడగలగడం. అటువంటి ప్రేక్షకుడికి ముద్రలు అందవు. వెనుక తెరకు, దుస్తులకు మధ్య రంగుల భేదం గట్టిగా ఉంటే ఆకృతి అందుతుంది. అతనికి ముందు వరుస మేలు. దృష్టిక్షేత్రం 10 డిగ్రీలే ఉన్నవారి సంగతి వేరు. 5 మీటర్ల దూరంలో వారికి అందే వెడల్పు సుమారు 90 సెంటీమీటర్లు. అందులో ముఖమో పాదమో ఏదో ఒకటే ఇముడుతుంది. 15 మీటర్ల దూరంలో అది సుమారు రెండున్నర మీటర్లు. నర్తకి పూర్తిగా కనబడుతుంది. వీరికి వెనుక వరుస మేలు. ‘దివ్యాంగులకు ముందు వరుస’ అన్న ఏకసూత్రం మర్యాదగా కనబడినా అందరికీ సరిపోదు.

చూపు బొత్తిగా లేనివారికి శ్రవ్య వర్ణన అవసరం. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్‌లో మార్గరెట్ ఫాన్‌స్టీల్ కృషితో రంగస్థలానికి ఈ పద్ధతి ప్రవేశించింది. వర్ణనకారుడు వేరే గదిలో కూర్చొని మైకులో చెబుతాడు. కావలసినవారు చెవిలో పరికరం పెట్టుకొని వింటారు. తెలుగు పాఠకులకు ఇది సంజయుని పద్ధతిగా తోస్తుంది. చూడలేని ధృతరాష్ట్రుడికి సంజయుడు యుద్ధం చెప్పాడు. అయితే ఆ వినికిడి ఏకాంతమైనది. జరిగినది చేరుతుంది గానీ, జరుగుతున్న చోట నలుగురి మధ్య ఉన్న భావన చేరదు.

కూచిపూడి సంప్రదాయంలో మరొక పద్ధతి ఉంది. కలాపంలో సూత్రధారుడు కథను ఎత్తుకుంటాడు, పాత్రను పరిచయం చేస్తాడు, మధ్యలో ప్రశ్నిస్తాడు, భామాకలాపంలో సత్యభామకు చెలికత్తె మాధవిగానూ మారుతాడు. అతని మాట సభలో అందరికీ వినబడుతుంది. పాత్ర కూడా ప్రవేశ దరువులో తానెవరో తన నోటితోనే చెప్పుకొంటుంది, సంవాదం నడుపుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఏకపాత్ర నర్తనం, నేపథ్యగానం ప్రధానమైన కొద్దీ ఈ వాచికం పలచబడింది. పెదవులు కదులుతాయి, గొంతు పక్కనుంచి వస్తుంది. ఈ మార్పు చూపున్నవారికి సొగసుగా తోచి ఉండవచ్చు. చూపు లేనివారికి మాత్రం రంగస్థలంపై పాత్ర ఉన్న దిక్కే తెలియకుండా పోయింది.

కాబట్టి శ్రవ్య వర్ణనకు తెలుగులో వారసత్వం సూత్రధారుడిది. అతని చేతికి అప్పగించవలసిన పనిని ఒక సన్నివేశంతో గమనించవచ్చు. తెర వెనుక నిలిచిన సత్యభామ తన జడను తెరపై నుంచి ముందుకు వేస్తుంది. దీనిని మూడు విధాలుగా వర్ణించవచ్చు. ‘సత్యభామ గర్వంగా ఉంది’ అనడం వ్యాఖ్యానం. విన్నవారికి ఊహించుకొనే అవకాశం ఉండదు. హస్తాల పేర్లు వరుసగా చెప్పడం పరిభాష. శాస్త్రం తెలియనివారికి అది శబ్దం మాత్రమే. ‘తెర పట్టారు. మనిషి కనబడదు. నిండుగా అలంకరించిన పొడవాటి జడ ఒకటి తెర మీదుగా ఇవతలికి వచ్చి వాలింది. ఎవరో వచ్చి ఎత్తుకోవాలన్నట్లు అక్కడే ఉండిపోయింది’ అనడం చర్యనూ, దాని తీరునూ చెప్పడం. గర్వాన్ని శ్రోత తానే గుర్తిస్తాడు. రసానుభవానికి ఈ మూడవ మార్గమే తగినది.

వర్ణన ఎప్పుడు పలకాలన్నది మరింత క్లిష్టం. పదాభినయంలో సాహిత్యం తెలుగే. దానిపై మాట పడితే రెండూ పోతాయి. జతులలో గజ్జెల ధ్వనే నాట్యం. అక్కడ మౌనమే వర్ణన. మిగిలినవి చరణాల మధ్య స్వరభాగాలు, ప్రవేశ నిష్క్రమణలు. అందువల్ల చెప్పవలసినదానిలో ఎక్కువ భాగం ప్రదర్శనకు ముందే చెప్పడం మంచిది. రంగాన్ని నడిచి కొలవడం, గజ్జెలను, జడను, తరంగపు పళ్లేన్ని చేత్తో తాకి చూడడం, నర్తకీమణుల గొంతులను పరిచయం చేసుకోవడం వంటివాటికి అరగంట చాలు. యంత్రస్వరం ఈ ముందుమాటను చదివి వినిపించగలదు. గచ్చిబౌలిలో సాగుతున్న పరిశోధనకు ఇది తగిన ప్రయోజనమే. కానీ ప్రదర్శన సాగుతున్నప్పుడు కాలప్రమాణం ఏ రోజుకా రోజు మారుతుంది. ఆ సందులను పట్టుకోవడానికి తాళం తెలిసిన మనిషి కావాలి. నట్టువాంగం నేర్చినవారే ఈ పనికి అర్హులు.

7. చట్టం, పాఠ్యప్రణాళిక:
ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో భాగస్వామ్యాన్ని హక్కుగా గుర్తించింది. భారతదేశం 2007లో దానిని ధ్రువీకరించింది. 2016 చట్టంలోని 29వ సెక్షన్ కళను దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలని, నాట్యంతో సహా కళా తరగతులలో వారి భాగస్వామ్యానికి వీలు కల్పించాలని, సాంస్కృతిక, కళా విషయాల కోర్సులను అందుకు అనుగుణంగా పునర్వ్యవస్థీకరించాలని పేర్కొన్నది. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసు తీర్పులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలు కావాలని చెప్పింది. ఆ తీర్పుకు హైదరాబాద్ శివారులోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదిక తోడ్పడింది.

పరీక్షల విషయంలో 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు లేఖకుని సహాయం, అదనపు సమయం వంటివాటిని చెప్పాయి. అవి లిఖిత పరీక్షలకు చెందినవి. నాట్యంలో ప్రధానమైనది ప్రయోగ పరీక్ష; అక్కడ లేఖకుడు చేయగలిగినది లేదు. దృష్టిభేదాలకు కేటాయించిన మార్కులను ఏం చేయాలన్నది అధ్యాపకుల ముందున్న నిజమైన ప్రశ్న. వాటిని మినహాయించడం సులభమే కానీ, దానివల్ల విద్యార్థికి దక్కేది దయతో ఇచ్చిన పట్టా. అదే భావాన్ని శిరోభేదం, గ్రీవాభేదం, శ్వాస, వాచికం ద్వారా ప్రకటించమని అడిగి, ఆ ప్రకటనను అంతే కఠినంగా మూల్యాంకనం చేయడం న్యాయం. ప్రమాణం భావప్రకటన అయినప్పుడు మార్గం ఒక్కటే కానవసరం లేదు.

8. ముగింపు:
నాట్యంలో కన్ను చేసే పని చూపించడం. తాళం, అరికాలు, చర్మం, గొంతు ఆ పనికి వెనుక నిలిచే బలం. పళ్లెంపై తరంగం, సింహనందిని చిత్రం, సొల్లుకట్టు, దరువు, సూత్రధారుని మాట ఇవన్నీ ఆ బలానికి తెలుగు సంప్రదాయం ఇచ్చిన రూపాలు. వీటిని శిక్షణలోనూ ప్రదర్శనలోనూ మళ్లీ ముందుకు తెస్తే అంధులకు ద్వారం తెరుచుకుంటుంది. అదే సమయంలో నాట్యం తాను పోగొట్టుకున్న వాచికాన్ని తిరిగి పొందుతుంది. నాట్యవిద్య, రంగస్థలం, భాషాసాంకేతికత, చీకటిలో దారి చూపగల మనుషులు ఒకే ప్రాంతంలో ఉన్న శేరిలింగంపల్లి ఈ ప్రయోగానికి అనువైన చోటు. దృష్టిలోపం గలవారిని ఆ ప్రయోగానికి లబ్ధిదారులుగా కాక, తొలినుంచే రూపకర్తలుగా, విమర్శకులుగా కూర్చోబెట్టినప్పుడే అది సార్థకమవుతుంది.